కంప్యూటర్ సందేహాలు: ముందు చిప్ నంబర్ చదవండి, తర్వాతే ఫైల్ దించండి

బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రామ్), చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్) డ్రైవర్లు, అంటే ఆ భాగాలను విండోస్ వాడుకోవడానికి కావాల్సిన ఫైళ్లు, వాటిని అప్‌డేట్ చేసే టూల్స్ గురించి నల్గొండ, పాలమూరు వైపు పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

దేవరకొండ నుంచి ఒక మీసేవ నిర్వాహకుడు: విండోస్ 10 తీసేసి 11 వేయించినం. డివైస్ మేనేజర్‌ల పసుపు గుర్తులు పోతలేవు. ఎస్ఎం బస్ కంట్రోలర్, పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అని చూపిస్తున్నది. నెట్ల దొరికిన డ్రైవర్ టూల్ నడిపిస్తే, చిప్‌సెట్ డ్రైవర్ 1968 నాటిది, పైసలు కడితే కొత్తది వేస్తా అంటున్నది. కట్టాల్నా?

జవాబు: కట్టకండి. ఆ టూల్‌ను తీసేయండి. 1968 జూలై 18 ఇంటెల్ సంస్థ పుట్టిన తేదీ. తన చిప్‌సెట్ ఐఎన్ఎఫ్ ఫైళ్లకు ఇంటెల్ కావాలనే ఆ తేదీ వేస్తుంది. ఒక పరికరానికి డ్రైవర్ ఎంచుకునేటప్పుడు విండోస్ మొదట హార్డ్‌వేర్ ఐడీ (ఆ పరికరం గుర్తింపు నంబర్) ఎంత దగ్గరగా కలిసిందో చూస్తుంది. అందులో రెండు డ్రైవర్లు సమానమైతే తేదీ చూస్తుంది, తేదీలూ ఒకటైతే వెర్షన్ చూస్తుంది. ఐఎన్ఎఫ్‌కు ఇంత పాత తేదీ ఉంటే, ఆ పరికరానికి ప్రత్యేకంగా వేసిన డ్రైవర్‌ను అది పక్కకు నెట్టదు. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్‌తో వచ్చే డ్రైవర్లకు ఇదే కారణంతో 2006 జూన్ 21 తేదీ వేస్తుంది. మీ టూల్ తేదీ ఒక్కటే చూసి ‘పాతది’ అని భయపెడుతోంది. పైగా చిప్‌సెట్ ఐఎన్ఎఫ్ చాలావరకు ఆ భాగం పేరేమిటో విండోస్‌కు చెప్పే ఫైల్ మాత్రమే. కొత్త వెర్షన్ వేసినా కంప్యూటర్ వేగం పెరగదు.

ఇక పసుపు గుర్తులు. డివైస్ మేనేజర్‌లో ఆ గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, పైన ఉన్న జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. కనిపించే వరుసలో వీఈఎన్ తర్వాతి నాలుగు గుర్తులు తయారీదారువి, డీఈవీ తర్వాతి నాలుగు ఆ చిప్‌వి. 8086 అంటే ఇంటెల్, 1022 అంటే ఏఎండీ, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14సీ3 అంటే మీడియాటెక్. ఎస్ఎం బస్ గుర్తు చిప్‌సెట్ ఐఎన్ఎఫ్ వేస్తే పోతుంది. ఇంటెల్ మెషీన్‌లో పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అంటే మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఎంఈ, చిప్‌సెట్‌లో విడిగా నడిచే చిన్న కంప్యూటర్), దానికి ఎంఈఐ డ్రైవర్ కావాలి. ల్యాప్‌టాప్‌లో డేటా అక్విజిషన్ అండ్ సిగ్నల్ ప్రాసెసింగ్ కంట్రోలర్ అని ఉంటే అది చాలాసార్లు ఇంటెల్ వేడి నియంత్రణ భాగం. ఏఎండీ మెషీన్‌లో ఎన్‌క్రిప్షన్/డిక్రిప్షన్ కంట్రోలర్ అంటే పీఎస్‌పీ అనే భద్రతా ప్రాసెసర్, ఏఎండీ చిప్‌సెట్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది.

ముందుగా విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ తెరవండి. సగం గుర్తులు అక్కడే పోతాయి. మిగిలినవాటికి మెషీన్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లండి. ముఖ్యంగా సౌండ్ డ్రైవర్ అక్కడిదే వేయండి. ఐడీలో సబ్‌సిస్ అనే భాగం ఏ కంపెనీ ఏ మోడల్ కోసం ఆ చిప్‌ను అమర్చుకుందో చెబుతుంది. చిప్ ఒకటే అయినా వేరే మోడల్ డ్రైవర్ వేస్తే స్పీకర్ పలికి మైక్ పలకకపోవడం మామూలే.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ సెంటర్ నుంచి: మాది హెచ్61 బోర్డు. ఐ3-2100 తీసి సెకండ్ హ్యాండ్ ఐ5-3470 పెట్టిన. ఫ్యాన్ తిరుగుతది, డిస్‌ప్లే రాదు. పాతది పెడితే మంచిగ నడుస్తది. ప్రాసెసర్ పోయిందా?

జవాబు: పోయి ఉండకపోవచ్చు. రెండూ ఎల్‌జీఏ 1155 సాకెట్‌లోనే కూర్చుంటాయి, కానీ 2100 రెండో తరం, 3470 మూడో తరం. హెచ్61 చిప్‌సెట్ వచ్చింది రెండో తరం కోసం. అప్పటి బయాస్‌కు మూడో తరం తెలియదు. అంతేకాదు, హెచ్61 ఉన్న ఆరో సిరీస్ చిప్‌సెట్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) 7తో వచ్చింది, మూడో తరానికి అది 8 కావాలి. చాలామంది బయాస్ ఒక్కటే మార్చి ఇక్కడే ఆగిపోతారు.

పాత ప్రాసెసర్‌ను మళ్లీ పెట్టి మొదలుపెట్టండి. రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే బోర్డు పేరు, బయాస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. వాటిని రాసుకుని క్యాబినెట్ తెరిచి బోర్డు మీది అచ్చుతో సరిచూడండి. గిగాబైట్ బోర్డుల్లో ఒక మూల రెవిజన్ నంబర్ ఉంటుంది. మోడల్ పేరు అదే అయినా రెవిజన్ 1.0 ఫైల్ 2.0కు పనికిరాదు. తయారీదారు సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితాలో 3470 వరుస వెతకండి. దాని ఎదురుగా ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. ఆ వెర్షన్ కింద ఉన్న వివరణ పూర్తిగా చదవండి. కొన్ని బోర్డులకు ఎంఈ ఫైల్ ముందు, బయాస్ తర్వాత వేయాలి. కొన్నింటికి మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించాకే చివరిది ఎక్కుతుంది. వరుస తప్పితే టూల్ వద్దంటుంది, లేదా బోర్డు మొండికేస్తుంది.

ఫైల్‌ను ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి బయాస్ లోపలి ఫ్లాష్ మెనూ నుంచే ఎక్కించండి, విండోస్‌లో నడిచే టూల్‌తో వద్దు. మధ్యలో యాంటీవైరస్ అడ్డుపడినా, విండోస్ హ్యాంగ్ అయినా చిప్‌లో రాయడం సగంలో ఆగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంట్ నమ్మకం లేని వేళ మొదలుపెట్టకండి, యూపీఎస్ మీదే చేయండి. పని పూర్తయ్యాక ప్లగ్ తీసి, సీఆర్2032 బ్యాటరీ ఊడదీసి కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అప్పుడు కొత్త ప్రాసెసర్ బిగించండి. 2100 వేడి పరిమితి 65 వాట్లు, 3470ది 77 వాట్లు. పాత కూలర్ పనికొస్తుంది కానీ థర్మల్ పేస్ట్ కొత్తగా రాయండి.

ఒక హెచ్చరిక. ఇప్పుడు బజార్‌లో కొత్తగా దొరికే చాలా హెచ్61 బోర్డుల మీద కంపెనీ పేరు ఉండదు, వాటికి సైటూ లేదు. ఎక్కడో దొరికిన ఫైల్ ‘హెచ్61’ అని ఉన్నంత మాత్రాన ఎక్కించకండి. అందులో సౌండ్, నెట్‌వర్క్ చిప్‌లు వేరేవి అయి ఉండొచ్చు. అలాంటి బోర్డు కొనేటప్పుడే మీ ప్రాసెసర్‌ను పెట్టించి డిస్‌ప్లే చూసి తెచ్చుకోండి.

మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు అకౌంటెంట్: వే బ్రిడ్జి కాంటా నుంచి కంప్యూటర్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ ఉంది. విండోస్ 11 వేసినాక బరువు రావట్లేదు. పోర్ట్ పేరు దగ్గర సప్లయర్‌ను సంప్రదించండి అని వస్తోంది. వడ్ల లారీలు గేటు బయట ఆగినయి.

జవాబు: ముందు లారీల సంగతి. కాంటా డిస్‌ప్లే చూసి బరువును చేత్తో ఎంట్రీ చేసుకుంటూ తూకం సాగించండి, కాంటాలో లోపమేమీ లేదు.

మీ కన్వర్టర్‌లో ఉన్నది ప్రొలిఫిక్ కంపెనీ పీఎల్2303 చిప్‌లో పాత రకమో, దానికి నకలో అయి ఉంటుంది. హార్డ్‌వేర్ ఐడీలో వీఐడీ (తయారీదారు నంబర్) 067బీ, పీఐడీ (చిప్ నంబర్) 2303 ఉంటే అదే. ఆ కంపెనీ 2012లో ఈ చిప్‌లో హెచ్ఎక్స్ఏ అనే పాత రకాన్ని ఆపేసింది. కొత్త డ్రైవర్ ఆ చిప్‌ను గుర్తుపట్టి మరీ పనిచేయనంటుంది, పోర్ట్ పేరు స్థానంలో ఆ సందేశమే పెడుతుంది. అంటే ఇక్కడ ఎన్ని కొత్త డ్రైవర్లు వేసినా ఫలితం ఉండదు. పోర్ట్ మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ వరుసగా నొక్కండి. జాబితాలో పాత తేదీ డ్రైవర్ ఉంటే అది ఎంచుకోండి. అప్పటికి నడుస్తుంది. విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది తెచ్చి పెడితే మళ్లీ ఆగుతుంది. తూకం మీద వ్యాపారం నడిచేచోట ఆ మరమ్మతును నమ్ముకోవద్దని మా గట్టి అభిప్రాయం. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది, వీఐడీ 0403, లేదా సీహెచ్340 ఉన్నది, వీఐడీ 1ఏ86, కొని పెట్టండి. ఎఫ్‌టీడీఐలోనూ నకిలీలున్నాయి. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ నకిలీ చిప్‌ల పీఐడీని సున్నా చేసేసి వాటిని మూలకు పడేసింది. అందుకే బిల్లుతో, తెలిసిన షాపులో కొనండి.

కొత్తది పెట్టగానే కామ్ నంబర్ (పోర్ట్‌కు విండోస్ ఇచ్చే నంబర్) మారుతుంది. తూకం సాఫ్ట్‌వేర్ కామ్1 అడుగుతుంటే పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి అదే నంబర్ ఇవ్వండి. బాడ్ రేటు (డేటా పంపే వేగం) కాంటా ఇండికేటర్‌లో ఉన్నదే, 2400 కానీ 9600 కానీ, ఇక్కడా ఉండాలి. తేడా వస్తే అంకెల బదులు పిచ్చి గుర్తులు పడతాయి. యూఎస్‌బీ వైపు తీగ పొట్టిగా ఉంచి, దూరమంతా ఆర్ఎస్232 వైపు, అంటే కాంటా నుంచి కన్వర్టర్ దాకా వచ్చే తీగలో, పోనివ్వండి. అదీ దాదాపు 15 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ల్యాప్‌టాప్ 12వ తరం ఇంటెల్. పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేస్తుంటే డిస్క్ ఒక్కటీ కనిపించట్లేదు. షాపులో ఎస్ఎస్‌డీ పోయిందన్నారు.

జవాబు: బయాస్‌లో ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే అది బాగానే ఉంది, కొత్తది కొనకండి. 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీని వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెడుతున్నారు. దాని డ్రైవర్ చాలా విండోస్ పెన్‌డ్రైవ్‌లలో ఉండదు.

వేరే కంప్యూటర్‌లో మీ మోడల్ పేజీ నుంచి వీఎండీకి కావాల్సిన ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించండి. సెటప్ ఫైల్‌గా ఉంటే అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే లాభం లేదు, దాన్ని విప్పాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో సెటప్‌ఆర్ఎస్‌టీ పేరు పక్కన ఖాళీ వదిలి, అడ్డగీతతో (హైఫన్) ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి రాసి, మళ్లీ ఖాళీ వదిలి ఫోల్డర్ పేరు ఇవ్వండి. వచ్చినదానిలో ఐఏస్టోర్‌వీడీ పేరుతో ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు కలిసి ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయండి. డిస్క్ అడిగే తెరలో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే, వీఎండీ కంట్రోలర్ పేరు చివర నంబర్‌తో వస్తుంది. 11వ తరానికి 9ఏ0బీ, 12వ తరానికి 467ఎఫ్, 13వ తరానికి ఏ77ఎఫ్. మీది రెండోది. జాబితా ఖాళీగా వస్తే మీరు దించిన వెర్షన్ మీ తరానిది కాదని అర్థం.

బయాస్‌లో వీఎండీని ఆపేయడం ఇంకో దారి. ఒక్క ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌కు నష్టం లేదు. కొన్ని ఏసర్ మోడళ్లలో మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే గానీ ఆ ఆప్షన్ బయటపడదు. అయితే విండోస్ వేసేముందే ఆపాలి. ఇప్పటికే నడుస్తున్న విండోస్‌లో ఆపితే నీలి తెర వచ్చి బూట్ కాదు. కంగారుపడకుండా ఆ సెట్టింగ్‌ను మళ్లీ యథాతథంగా పెడితే తిరిగి వస్తుంది. విండోస్ వేశాక నెట్ అందడానికి వైఫై డ్రైవర్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. లేదంటే ఆండ్రాయిడ్ ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ ఇస్తే గట్టెక్కుతారు.

వనపర్తి నుంచి ఒక ల్యాప్‌టాప్ మెకానిక్: డెడ్ ల్యాప్‌టాప్‌కు నెట్ల దొరికిన బిన్ ఫైల్ సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో రాసిన. ఆన్ అయింది. కానీ బూట్ కావడానికి చానసేపు పడుతది, సరిగ్గా అర్ధగంటకు బంద్ అయితది. వేడెక్కుతలేదు. బోర్డులో ఏం చూడాలె?

జవాబు: ‘సరిగ్గా అర్ధగంట’ అన్న మాటతోనే మీకు జవాబు దొరికింది. మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఎంఈ) ఫర్మ్‌వేర్ చెడిపోయినా, చిప్‌సెట్‌తో కలవకపోయినా చాలా ఇంటెల్ బోర్డులు 30 నిమిషాలకు ఆగిపోతాయి. బోర్డు భాగాలు మార్చకండి.

మీరు బిన్ ఫైల్ రాసిన ఆ ఎనిమిది కాళ్ల చిప్‌లో ఉన్నది ఒక్క బయాసే కాదు. మొదట 4 కిలోబైట్ల డిస్క్రిప్టర్, అందులో మిగతా భాగాల హద్దులు ఉంటాయి. మిగతా చోట ఎంఈ, కొన్నింటిలో నెట్‌వర్క్ చిప్ మ్యాక్ అడ్రస్ (దాని గుర్తింపు నంబర్) దాచిన జీబీఈ భాగం, బయాస్ ఉంటాయి. వేరే మెషీన్ నుంచి తీసిన బిన్ రాస్తే ఆ మెషీన్ ఎంఈ సెట్టింగులు, సీరియల్ నంబర్, విండోస్ కీ కూడా వచ్చి మీ కస్టమర్‌వి పోతాయి. మ్యాక్ అడ్రస్ 88-88-88-88-87-88 అని కనిపిస్తే జీబీఈ భాగం ఎవరిదీ కాని ఖాళీ నమూనా అని గుర్తు.

అందుకే రాయడానికి ముందు పాత చిప్‌లో ఉన్నది చదివి దాచాలి, చెడిపోయినా సరే. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ పోల్చండి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదు. బ్యాటరీ, చార్జర్, బటన్ సెల్ తీసే ఉండాలి. చిప్ మీది అక్షరాలు చూడండి. మ్యాక్రోనిక్స్‌లో 25ఎల్ అంటే 3.3 వోల్టులు, 25యూ అంటే 1.8. విన్‌బాండ్‌లో చివర ఎఫ్‌వీ, జేవీ అయితే 3.3, ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అయితే 1.8. 1.8 చిప్‌కు అడాప్టర్ లేకుండా ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు. చిప్ పేరులో 64 అంటే 8 మెగాబైట్లు, 128 అంటే 16.

ఇక ఎంఈ జత. ఏడో సిరీస్ చిప్‌సెట్‌కు ఎంఈ 8, ఎనిమిదో సిరీస్‌కు 9, వంద, రెండు వందల సిరీస్‌కు 11, మూడు వందలకు 12. మూడు వందల్లో ఉచ్చు ఉంది. బీ365 పేరుకు ఆ సిరీసే, లోపల పాత తయారీ కాబట్టి ఎంఈ 11 కావాలి. ఒకే సిరీస్‌లోనూ కన్స్యూమర్, కార్పొరేట్ అని రెండు రకాలు, పరిమాణమే వేరు. పాత డంప్‌లో (ముందు చదివి దాచిన ఫైల్‌లో) ఏది ఉందో అదే రకం శుభ్రమైన ఎంఈ భాగాన్ని ఇంటెల్ ఫ్లాష్ ఇమేజ్ టూల్‌తో, అదీ ఆ ఎంఈ తరానికి చెందిన టూల్‌తోనే, పాత సెట్టింగుల మీద కూర్చి ఇమేజ్ కట్టండి. సీరియల్, జీబీఈ పాత డంప్ నుంచే నిలుపుకోండి. మొదటి బూట్‌లో తెర నల్లగా కొంతసేపు ఉండి, తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆగి లేవొచ్చు, ప్లగ్ పీకకండి. తర్వాత ఎంఈఇన్ఫో అనే టూల్ నడిపి ఎంఈ వెర్షన్ చూసుకోండి.

ఎంఈఐ డ్రైవర్ కొత్తది వేస్తే ఇది బాగవుతుందని కొందరు చెబుతారు. కాదు. డ్రైవర్ విండోస్‌లో ఉంటుంది, ఫర్మ్‌వేర్ చిప్‌లో. ఒకటి మారిస్తే రెండోది మారదు.

గద్వాల నుంచి ఒక చీరల షాపు యజమాని: రాత్రి ల్యాప్‌టాప్‌లో బయాస్ అప్‌డేట్ దానంతట అదే అయింది. పొద్దున బిట్‌లాకర్ కీ అడుగుతోంది. మేము ఎప్పుడూ పెట్టలేదు. లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: ఫార్మాట్ చేయించకండి, ఎవరు చెప్పినా సరే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ మొదలుపెట్టినప్పుడు బిట్‌లాకర్ అనే డిస్క్ తాళం దానంతట అదే పడి ఉంటుంది. ఫర్మ్‌వేర్ మారగానే టీపీఎం (ఆ తాళానికి కాపలా ఉండే భద్రతా చిప్) కొలతలు మారి, విండోస్ కీ అడుగుతుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ తెరిచి అదే మెయిల్‌తో లాగిన్ అయి డివైసెస్‌లో రికవరీ కీ చూడండి. తెర మీది కీ ఐడీతో కలిసేదే మీది, 48 అంకెలుంటుంది. మెషీన్ మొదట సెటప్ చేసింది షాపువాళ్లో, మీ అబ్బాయో అయితే కీ వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది. కీ దొరక్కపోతే ఆ డేటాను తెరిచే దారి ఎవరి దగ్గరా లేదు. తెరుచుకున్నాక కీని కాగితం మీద రాసుకుని షాపు బీరువాలో పెట్టండి. ఇకపై బయాస్ మార్చేముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ (తాత్కాలికంగా ఆపడం) చేయండి.

సూర్యాపేట నుంచి: బీ450 బోర్డులో రైజెన్ 3 2200జీ ఉంది. రైజెన్ 5 5600 పెట్టొచ్చా? గ్రాఫిక్స్ కార్డు లేదు.

జవాబు: బోర్డు ఒప్పుకుంటుంది, కానీ మీకు డిస్‌ప్లే రాదు. 2200జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంది, 5600లో లేదు. కార్డు కొననంటే 5600జీ తీసుకోండి. సీపీయూ జాబితాలో రెండింటికీ వేర్వేరు వరుసలు, వేర్వేరు బయాస్ వెర్షన్లు ఉంటాయి. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ ఎక్కించి, తర్వాత మార్చి, చివర్లో ఏఎండీ చిప్‌సెట్ ప్యాకేజీ వేయండి. బయాస్ చిప్ 16 మెగాబైట్లే ఉన్న కొన్ని బోర్డుల్లో కొత్త ప్రాసెసర్లకు చోటు కోసం పాతవాటి మద్దతు తీసేశారు. తర్వాత పాతది పెట్టి చూద్దామంటే లేవకపోవచ్చు. ప్రాసెసర్ మార్చాక ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపలే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ అని అడుగుతుంది. బిట్‌లాకర్ కీ చేతిలో లేకపోతే ఎన్ నొక్కండి.

అచ్చంపేట నుంచి ఒక ప్రభుత్వ టీచర్: బడి కంప్యూటర్లలో ఉబుంటు ఉంది. చిప్‌సెట్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: వెతకనక్కర్లేదు, అది ఉబుంటుకు మూలమైన లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది. వైఫై వంటి చిప్‌లకు కావాల్సిన ఫర్మ్‌వేర్ లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో వస్తుంది. మామూలు అప్‌డేట్లు చేస్తే చాలు. బయాస్ కోసం ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే టూల్ ఉంది, కొన్ని ఉబుంటు వెర్షన్లలో సాఫ్ట్‌వేర్ సెంటర్‌లోనూ దాని అప్‌డేట్లు కనిపిస్తాయి. డెల్, లెనోవో, హెచ్‌పీ మోడళ్లు చాలావాటికి పనిచేస్తుంది. తయారీదారు ఫైల్ పెట్టని మోడల్‌కు ఏమీ చూపించదు, అది మీ తప్పు కాదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే చేయండి. అన్ని కంప్యూటర్లకూ ఒకేరోజు ఎక్కించకుండా ఒకదానికి చేసి, వారం నడిచాక మిగతావాటికి చేయండి.